కియాంతి పొలిమేర ఎక్కడ? ఇటలీ వైన్ సీమల పటాలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా విభాగం గోడకి ఇటలీ వైన్ ప్రాంతాల పటం తయారుచేద్దామనుకున్నాం. పిల్లలు నెట్‌లో వెతికి ఐదు పటాలు తెచ్చారు. టస్కనీలోని కియాంతి సీమ ఒక్కో పటంలో ఒక్కో ఆకారంలో ఉంది. ఏది నమ్మాలి?
— భూగోళశాస్త్ర అధ్యాపకురాలు, అనంతపురం

జవాబు: ఏ పటాన్నీ ముందుగా నమ్మకండి మేడమ్. ఇటలీ వైన్ సీమల హద్దు గీతల్లో లేదు, మాటల్లో ఉంది. పేరున్న ప్రతి వైన్‌కీ ‘దిషిప్లినారె’ అనే నియమావళి ఉంటుంది. సాధారణంగా అందులో మూడో అధికరణమే ఉత్పత్తి ప్రాంతాన్ని చెబుతుంది. మన రిజిస్ట్రేషన్ దస్తావేజులో చెక్కుబందీ లాంటిదన్నమాట. అయితే మన చెక్కుబందీ నాలుగు దిక్కులూ చెప్పి ఆగిపోతుంది. అక్కడిది ఒక చోట బయల్దేరి వాగు వెంట, బాట వెంట, గుట్ట వెన్ను మీదుగా నడిచి మళ్ళీ బయల్దేరిన చోటికే వస్తుంది. కొన్ని చిన్న సీమలకైతే ‘ఫలానా కొమూనె మొత్తం’ అని ఒక్క వాక్యంతో సరిపెడతారు. కొమూనె అంటే మన పంచాయతీ, మునిసిపాలిటీ స్థాయి పాలనా ప్రాంతం. పటాలన్నీ ఈ మాటల్ని చదువుకుని ఎవరికి వారు గీసుకున్నవే. ఇటలీ వ్యవసాయ మంత్రిత్వ శాఖ ఈ నియమావళుల్ని బయట పెడుతుంది. యూరోపియన్ యూనియన్ రిజిస్టర్ ‘ఈ-ఆంబ్రోజియా’లోనూ వెతకవచ్చు.

ఇక కియాంతి ఐదు ఆకారాల్లో కనిపించడానికి కారణం చరిత్రలో ఉంది. 1716లో టస్కనీ గ్రాండ్ డ్యూక్ మూడో కోసిమో దె మెదిచి ఒక ఫర్మానాతో కియాంతి, పొమీనో, కర్మిన్యానో, వాల్ దార్నో ది సొప్రా అనే నాలుగు సీమలకు హద్దులు చెప్పాడు. 1932లో ప్రభుత్వం ఆ పేరును చుట్టుపక్కల కొండలకూ విస్తరించి, నడిమి భాగాన్ని ‘క్లాసికో’ అని విడిగా గుర్తించింది. ఇవాళ కియాంతి క్లాసికోది వేరే నియమావళి, కియాంతిది వేరే నియమావళి. 2010 నుంచి క్లాసికో ప్రాంతం లోపల మామూలు కియాంతి తయారు చేయకూడదు. కాబట్టి నేటి కియాంతి గారె లాంటిది, మధ్యలో చిల్లు ఉండాలి. మీ పిల్లలు తెచ్చిన పటాల్లో ఒకరు నడిమి భాగాన్నే కియాంతి అని ఉంటారు, ఒకరు చిల్లు పూడ్చేసి ఉంటారు, ఇంకొకరు ఉపప్రాంతాలు కొన్ని వదిలేసి ఉంటారు. మీరు గీసేటప్పుడు చిల్లున్న పాలిగాన్‌గానే (చుట్టూ గీతతో మూసిన ఆకారంగానే) గీయండి. క్లాసికోను పైన వేసి కింద కియాంతిని పూర్తిగా నింపితే చూపుకి బాగానే ఉంటుంది గానీ విస్తీర్ణం లెక్క సుమారు 70 వేల హెక్టార్లు ఎక్కువ వస్తుంది.

రెండో చిక్కు, సీమలు ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. అక్కడి వైన్ గుర్తింపులకు మూడు మెట్లు: కింద ఐజీటీ, దాని పైన డీఓసీ, అన్నిటికన్నా పైన డీఓసీజీ. ‘బరోలో’ అనే వైన్ సీమ చుట్టూ లాంగె డీఓసీ, దాని చుట్టూ పియెమొంతె డీఓసీ. టస్కనీలోని మోంతాల్చీనో కొండ మీద బ్రునెల్లో వైన్ సీమ ఉంది, అదే నేల మీద కియాంతి కొల్లి సెనేసి కూడా ఉంది, ఆ పైన టస్కనీ అంతటికీ వర్తించే ఐజీటీ ఉంది. డీఓసీజీలు 70కి పైనే, డీఓసీలు 330కి పైనే, ఐజీటీలు వందకి పైనే. జిల్లాల పటంలాగా ఒక్కో ముక్కకు ఒక్కో రంగు వేద్దామంటే కుదరదు. ఐజీటీని లేత రంగుతో నింపండి, డీఓసీని ఏటవాలు గీతలతో చూపండి, డీఓసీజీకి ముదురు అంచు పెట్టండి. పియెమొంతెలో ఐజీటీయే లేదు, అక్కడ అడుగు రంగు ఖాళీగా ఉంటే మీ పొరపాటు అనుకోకండి.

గోడ పటానికి 1:12,50,000 స్కేలు పెట్టండి. ఏ-జీరో కాగితం మీద దేశమంతా పడుతుంది. ఆ స్కేలులో ఒక మిల్లీమీటరు అంటే 1250 మీటర్లు. ప్రొసెక్కో కొండల్లోని ప్రసిద్ధ కార్తీజె మొత్తం 107 హెక్టార్లే, అంటే పటం మీద సూది మొన. అలాంటి చోట్లకు పక్కన చిన్న చదరంలో 1:1,00,000 స్కేలు పటం విడిగా పెట్టాల్సిందే.

ప్రశ్న: నేను సర్వే డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఎఫ్‌ఎంబీలు (పొలాల కొలతల పటాలు) గీసిన చెయ్యి. ఈ మూడో అధికరణాన్ని పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో గీతగా మార్చాలంటే ఏ వరుసలో పని చేయాలి? ఇటాలియన్ రాదు.
— పాఠకుడు, కడప

జవాబు: ఎఫ్‌ఎంబీ గీసిన చేతికి ఇది కొత్త పని కాదు. భాష భయం కూడా అక్కర్లేదు, హద్దు పాఠంలో వచ్చే మాటలు ముప్పైకి మించవు. తొర్రెంతె అంటే వాగు. రియో అంటే చిన్న వాగు. ఫొస్సో అంటే వంక లేదా తవ్విన కాలువ. క్రినాలె అంటే గుట్ట వెన్ను. కర్రారెచ్చా అంటే బండి బాట. ములత్తియెరా అంటే కంచరగాడిదలు నడిచే దారి. బీవియో అంటే దారి రెండుగా చీలే చోటు. కొన్‌ఫ్లువెన్‌జా అంటే రెండు వాగులు కలిసే చోటు. కొన్‌ఫీనె కొమునాలె అంటే కొమూనె పొలిమేర. సినీస్త్రా ఎడమ, దెస్త్రా కుడి. వాగుకి ఎడమ గట్టు అంటే నీరు పారే దిక్కుకి ముఖం పెట్టి నిలబడితే ఎడమ చేతి వైపుది. పటంలో ఎడమ కాదు. మొదటిసారి చేసేవాళ్ళలో చాలామంది తప్పేది ఇక్కడే.

‘క్వోతా’ అనే మాట దగ్గర కాస్త ఆగండి. ‘క్వోతా 317 చేరి’ అంటే పటం మీద 317 అని అంకె రాసి ఉన్న ఒక బిందువు. ‘300 మీటర్ల కుర్వా ది లివెల్లో వెంట’ అంటే సమోన్నత రేఖ. మొదటిది చుక్క, రెండోది గీత. చుక్కను గీతగా చదివితే హద్దు కొండ చుట్టూ తిరిగి ఎక్కడికో పోతుంది. పైగా బిందువుల ఎత్తులు పటం కూర్పు మారితే మారతాయి. 317 అని పాత షీటులో ఉన్నది కొత్తదాంట్లో 315 అయి ఉండొచ్చు, అసలు లేకపోనూవచ్చు.

అందుకే మొదటి పని సరైన మూలపటం సంపాదించడం. పాత నియమావళులు ఎక్కువగా ఇటలీ సైనిక భూగోళ సంస్థ, అంటే ఐజీఎం, వేసిన 1:25,000 షీట్లను చూసి రాసినవి. ఈ షీటును ‘తవొలెత్తా’ అంటారు. ఒక్కోటి అక్షాంశంలో 5 నిమిషాలు, రేఖాంశంలో 7 నిమిషాల 30 సెకన్లు. మన సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీటు 15 నిమిషాల చదరం కదా, దానికన్నా బాగా చిన్నది. పాఠంలో షీటు పేరు చెప్పి ఉంటే ఆ షీటే వాడాలి. లేకపోతే ఉత్తర్వు తేదీకి దగ్గరి కూర్పు తీసుకోండి. ఆయా ప్రాంతీయ ప్రభుత్వాల 1:10,000 సాంకేతిక పటాలు వివరంగా ఉంటాయి, వాగుల పేర్లు పోల్చుకోవడానికి బాగా పనికొస్తాయి.

తర్వాత పాఠాన్ని ముక్కలు చేయండి. ఒక పట్టికలో వరుస నంబరు, ఇటాలియన్ ముక్క, దాని తెలుగు, ఆనవాలు రకం (వాగు, బాట, వెన్ను, పొలిమేర, సరళరేఖ), మొదలు, చివర, నమ్మకం. ఈ చివరి గడి తప్పక పెట్టండి. పటంలో కచ్చితంగా దొరికితే 1, పేరు మారినా చోటు తెలిస్తే 2, ఊహించి కలిపితే 3. ఒక పొడుగాటి హద్దు 150 ముక్కలైనా కావచ్చు. పాలిగాన్ నేరుగా గీయకండి. ఒక్కో ముక్కనూ విడి గీతగా, తన వరుస నంబరుతో గీయండి. స్నాపింగ్ (దగ్గరి చుక్కలు వాటంతటవే అతుక్కునే సదుపాయం) పెట్టి, ఉన్న వాగు లేయర్ మీద ట్రేసింగ్ పనిముట్టుతో లాక్కుంటూ పొండి. అన్నీ అయ్యాక గీతల్ని పాలిగాన్‌గా మార్చండి. రేపు ఎవరైనా ఒక ముక్క తప్పని చూపిస్తే ఆ ముక్క ఒక్కటే సరిచేయవచ్చు.

చుట్టు కలవకపోతే ఏం చేయాలి? ఆఖరి బిందువుకీ మొదటి బిందువుకీ మధ్య 40 మీటర్ల ఖాళీ ఉంటే స్నాపింగ్ లోపం, అతికించండి. రెండు కిలోమీటర్ల ఖాళీ ఉంటే ఎక్కడో ఒక ముక్క తప్పు చదివారు. దయచేసి దాన్ని సరళరేఖతో కలిపి ‘అయిపోయింది’ అనుకోకండి. చివరి నుంచి వెనక్కి నడుచుకుంటూ రండి. సాధారణంగా తప్పు ఒకే పేరున్న రెండు వాగుల దగ్గరో, మారిన రోడ్డు దగ్గరో ఉంటుంది. రోడ్డు వంపులు తీసేసి తిన్నగా వేశారంటే హద్దు కొత్త తారు రోడ్డు మీద లేదు, వదిలేసిన పాత వంపు మీదే ఉంది. ఉపగ్రహ చిత్రంలో ఆ వంపు చెట్ల వరుసగా కనిపిస్తుంది.

ఇంత చేసినా మీ గీతకు ఒక మందం ఉంటుందని మర్చిపోకండి. 1:25,000 పటం మీద అర మిల్లీమీటరు గీత నేల మీద 12.5 మీటర్లు. ఒక తోట హద్దు లోపలా బయటా అని తేల్చడానికి ఈ పటం చాలదు. అక్కడ ప్రతి తోటా ‘స్కెదారియో వితీకొలో’ అనే ద్రాక్షతోటల రిజిస్టర్లో కమతం వారీగా ఉంటుంది, ఆ పని దానిది.

ప్రశ్న: ప్రాజెక్టు కోసం టస్కనీ పాత డేటా తీసుకుని యూటీఎం 32లో తెరిచాను. నా కియాంతి బల్గేరియాలో తేలింది. ఎక్స్ విలువలు 16 లక్షల పైన ఉన్నాయి. డేటానే పాడైందా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, ప్రొద్దుటూరు

జవాబు: డేటా బాగానే ఉంది. అది గౌస్-బోగా అనే ఇటలీ పాత నిరూపకాల పద్ధతిలో ఉంది, మీరు ప్రపంచమంతా వాడే యూటీఎం పద్ధతి అని చెప్పారు. గుర్తుపట్టడం తేలిక. ఎక్స్ ఏడంకెలుండి 1తో మొదలైతే పడమటి మండలం, ఈపీఎస్‌జీ (నిరూపక పద్ధతుల నంబర్ల జాబితా)లో 3003. 2తో మొదలైతే తూర్పు మండలం, 3004. ఆరంకెలే ఉంటే యూటీఎం. పడమటి మండలంలో మధ్య రేఖకు 15,00,000 విలువ ఇచ్చారు, యూటీఎంలో 5,00,000. అందుకే మీ కొండలు వెయ్యి కిలోమీటర్లు తూర్పుకి నడిచాయి.

కొందరు ఎక్స్‌లోంచి 10 లక్షలు తీసేసి పని కానిచ్చేస్తారు. అలా చేయకండి. గీత ఇటలీలోకైతే వస్తుంది గానీ పదుల మీటర్లు పక్కకి పడుతుంది. రెండింటి భూగోళ ఆధారాలు (డేటమ్, అంటే భూమి ఆకారాన్ని ఎలా లెక్కగట్టారన్నది) వేరు కాబట్టి తీసివేతతో సరిపోదు. లేయర్‌కి 3003 అని చెప్పి, ‘రీప్రొజెక్ట్’ చేసి 32632కి, అంటే యూటీఎం 32కి, మార్చండి. ‘సెట్ సీఆర్‌ఎస్’కీ ‘రీప్రొజెక్ట్’కీ తేడా తెలియక పాడైన పటాలు లెక్కలేనన్ని: మొదటిది చీటీ మారుస్తుంది, రెండోది అంకెలు మారుస్తుంది. మార్పిడి పద్ధతి ఏదని క్యూజీఐఎస్ అడిగితే ప్రధాన భూభాగానికి, సిసిలీకి, సార్డీనియాకి వేర్వేరు వరుసలు చూపిస్తుంది. కియాంతికి ప్రధాన భూభాగానిది, ఎత్నాకి సిసిలీది. ఆరంకెల యూటీఎం డేటాలోనూ పాతది ఈడీ50 అనే పాత యూరప్ డేటమ్ ఆధారంగా ఉండొచ్చు. దాన్ని జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84 డేటమ్ అనుకుంటే ఉత్తర దక్షిణంగా 200 మీటర్ల దాకా జరుగుతుంది.

ఐజీఎం షీటు స్కాన్ చేసి మీరే జియోరెఫరెన్స్ చేస్తుంటే (భూమి మీద దాని చోటికి కడుతుంటే) ఇంకో జాగ్రత్త. అంచున రాసిన రేఖాంశం గ్రీనిచ్ నుంచి కాదు, రోమ్‌లోని మొంతె మారియో కొండ నుంచి. షీటు రోమ్‌కి తూర్పున ఉంటే 12 డిగ్రీల 27 నిమిషాల 8.4 సెకన్లకు కలపాలి, పడమర ఉంటే అందులోంచి తీసేయాలి.

యూటీఎం మండలాలు మారే గీత ఇటలీలో 12 డిగ్రీల దగ్గర ఉంది. ప్రొసెక్కో కొండల్లోని వాల్దొబ్బియాదెనె దాదాపు ఆ గీత మీదే కూర్చుంది. మన సీమకీ ఇదే పరిస్థితి: 78 డిగ్రీల గీతకి పడమర అనంతపురం 43లో, తూర్పున కడప 44లో, కర్నూలు గీత దాటీ దాటగానే 44లో. ఇటలీ గణాంక సంస్థ ఇస్తాత్ దేశమంతటినీ ఒకే 32632లో ఇస్తుంది. మీరూ ఒకే మండలం ఎంచుకుని దాంట్లోనే ఉండండి. విస్తీర్ణాలు దేశమంతటికీ పోల్చాలంటే యూరప్ అంతటికీ ఉన్న 3035 పద్ధతి వాడండి, అది వైశాల్యాన్ని కాపాడుతుంది.

ప్రశ్న: బ్రునెల్లో హద్దు చాలా తేలికని చదివాను, మోంతాల్చీనో కొమూనె అంతా అని. ఇస్తాత్ ఫైల్లోంచి ఆ కొమూనె తీసి విస్తీర్ణం కొలిస్తే 310 చదరపు కిలోమీటర్లు వచ్చింది. పుస్తకాల్లో 24 వేల హెక్టార్లని ఉంది. ఎందుకు కలవడం లేదు?
— పాఠకురాలు, నంద్యాల

జవాబు: మీరు కొలిచి చూశారు, అదే గొప్ప సంగతి. చాలామంది కొలవరు. 2017 జనవరి 1న పక్కనున్న సాన్ జొవాన్ని దాస్సో కొమూనెను మోంతాల్చీనోలో కలిపేశారు. పాలన కలిసింది గానీ వైన్ హద్దు కదల్లేదు. బ్రునెల్లో పాత మోంతాల్చీనోదే, సుమారు 243 చదరపు కిలోమీటర్లు, అంటే 24,300 హెక్టార్లు. ఇస్తాత్ ఏటేటా జనవరి 1 నాటి హద్దుల్ని విడిగా ఇస్తుంది. 2016 ఫైలు తీసుకోండి, లెక్క సరిపోతుంది. సాధారణీకరించిన కూర్పు కాకుండా వివరమైన కూర్పే దించుకోండి, మొదటిదాంట్లో వంపులు కోసేసి ఉంటాయి.

మీకు ఇది అర్థం కావడానికి ఇటలీ దాకా పోనక్కర్లేదు. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఆ ఊరు కర్నూలు జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి మీ నంద్యాల జిల్లా. ఇవాళ్టి కర్నూలు జిల్లా షేప్‌ఫైల్ తెరిచి మామిడి పటం గీస్తే అందులో బనగానపల్లే ఉండదు. చెట్లు ఎక్కడికీ పోలేదు.

కియాంతి క్లాసికోకీ ఇదే జాగ్రత్త. కస్తెల్లీనా, గయోలె, రాద్దా, గ్రేవె కొమూనెలు పూర్తిగా అందులోవి, మిగిలినవి కొంత కొంత. అలా కొంత భాగమే ఉన్న బార్బెరీనో, తవర్నెల్లె 2019లో ఒక్కటయ్యాయి. పాత పాఠంలో ఆ రెండింటి మధ్య పొలిమేర ప్రస్తావన వస్తే కొత్త ఫైల్లో ఆ గీత దొరకదు. కాబట్టి ప్రతి లేయర్ పేరులోనే సంవత్సరం రాసుకోండి.

ప్రశ్న: నాకు నాలుగెకరాల ద్రాక్షతోట ఉంది. అక్కడ హద్దు లోపల ఉంటే చాలా, నేల వాలు, ఎత్తు కూడా చూస్తారా? చూస్తే పటంలో ఎలా తెలుస్తుంది?
— రైతు, తాడిపత్రి

జవాబు: చూస్తారండీ. హద్దు లోపల ఉన్నంత మాత్రాన ప్రతి చెక్కా పనికొస్తుందని కాదు. బరోలో నియమావళిలో తోట కొండవాలు మీద ఉండాలి, లోయ అడుగున చదును నేల పనికిరాదు, ఎత్తు సముద్రమట్టానికి 170 నుంచి 540 మీటర్ల మధ్య ఉండాలి. ఉత్తరానికి తిరిగిన వాలు, ఉత్తర దిక్కుకి ఇటు 45 అటు 45 డిగ్రీల మేర, పూర్తిగా నిషేధం. కారణం ఎండ. బరోలో 44.6 డిగ్రీల అక్షాంశంలో ఉంది. అక్కడి ‘నెబ్బియోలో’ ద్రాక్ష ఆలస్యంగా, అక్టోబరులో పండే రకం. అప్పటికి మధ్యాహ్నపు సూర్యుడు 40 డిగ్రీల ఎత్తు దగ్గరే ఉంటాడు, ఉత్తరపు వాలుకి వెలుతురు చాలదు. మీ తాడిపత్రిలో డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు 52 డిగ్రీల ఎత్తున ఉంటాడు. వేసవిలోనైతే నడినెత్తి దాటి ఉత్తరానికే పోతాడు. అందుకే ఆ నియమాన్ని మన నేలకి తెచ్చి అతికించడంలో అర్థం లేదు.

పటం గీసే కుర్రాళ్ళెవరైనా మీ దగ్గరుంటే ఇది చూపించండి. ఇటలీకి ‘టినిటాలీ’ అనే 10 మీటర్ల ఎత్తుల డేటా ఉచితంగా దొరుకుతుంది. క్యూజీఐఎస్‌లో దాని నుంచి ‘ఆస్పెక్ట్’ తీస్తే ప్రతి గడికీ దిక్కు 0 నుంచి 360 దాకా వస్తుంది, ఉత్తరం 0. నిషేధించిన వాలు కావాలంటే ‘315 కన్నా ఎక్కువ లేదా 45 కన్నా తక్కువ’ అని అడగాలి. నియమావళిలో మైనస్ 45 అని చూసి అలాగే రాస్తే వాయవ్యపు సగం ఎగిరిపోతుంది. చదును నేలకి దిక్కు ఉండదు, దానికి సున్నా ఇమ్మనే ఐచ్ఛికాన్ని ఎంచుకుంటే చదునంతా ఉత్తరమైపోతుంది, దాన్ని ముట్టుకోకండి. వేరే చోట దొరికిన ఎత్తుల డేటా డిగ్రీల్లో ఉంటే ముందు మీటర్ల పద్ధతికి మార్చాకే వాలు లెక్కించాలి. లేకపోతే చదునైన పొలం కూడా నిట్టనిలువు గోడలా వస్తుంది. మార్చేటప్పుడు ‘బైలీనియర్’ ఎంచుకోండి. ‘నియరెస్ట్’ అయితే వాలు పటం మీద చారలు పడతాయి.

బరోలో లోపల ఇంకా సన్నని విభజన ఉంది. 2010లో 181 అదనపు భౌగోళిక నామాలు ఖరారు చేశారు: 170 తోటల ప్రాంతాలు, 11 కొమూనెలు. ఈ తోటల పటాల్లో అలెస్సాండ్రో మస్నగెత్తి వేసినవి శ్రద్ధగా చూడదగ్గవి. సిసిలీలో ఎత్నా అగ్నిపర్వతం మీద ఇలాంటి ముక్కల్ని ‘కొంత్రాదా’ అంటారు. 2011లో 133 ఉండేవి, తర్వాత 142 అయ్యాయి. ఎత్నా సీమ కొండ చుట్టూ పూర్తి వలయం కాదు. ఉత్తరాన రందాజ్జో నుంచి తూర్పు మీదుగా తిరిగి నైరుతిన ఆగిపోతుంది. పడమటి బ్రోంతె అందులో లేదు, అది పిస్తా ఊరు.

ప్రశ్న: ప్రొసెక్కో వైన్ సీమ అంత పెద్దగా ఎందుకుంది? ఆ పేరుగల ఊరు ఒక మూలన కదా ఉంది?
— పాఠకుడు, ఆదోని

జవాబు: అవును, ఊరు త్రియెస్తె పక్కన ఉంది. 2009 దాకా ప్రొసెక్కో అంటే ద్రాక్ష రకం పేరు కూడా. రకం పేరును ఎవరైనా ఎక్కడైనా వాడుకోవచ్చు, ఊరి పేరుకైతే హద్దు గీసి కాపాడుకోవచ్చు. అందుకని ఆ ఏడాదే ఆ ద్రాక్ష రకానికి ‘గ్లేరా’ అనే పేరు ఖాయం చేసి, ఊరు కూడా లోపల ఉండేలా వేనెతో, ఫ్రియులి ప్రాంతాల్లోని తొమ్మిది ప్రావిన్సులకు డీఓసీ గీశారు. పటంలో అది ప్రావిన్సుల హద్దులే, గీయడం తేలిక. కష్టపడాల్సింది లోపలున్న కొనెల్యానో వాల్దొబ్బియాదెనె డీఓసీజీకి.

ప్రశ్న: పటం మీద పేర్లు తెలుగులో వేస్తున్నాం. ‘చియాంటి’ అని రాశాను, తప్పన్నారు. లేబుల్స్ కూడా విరిగిపోతున్నాయి.
— డీటీపీ చేసే పాఠకుడు, కర్నూలు

జవాబు: ఇటాలియన్లో సీహెచ్ ఎప్పుడూ ‘క’, ఒట్టి సీ తర్వాత ఐ గానీ ఈ గానీ వస్తే ‘చ’. కాబట్టి కియాంతి, మోంతాల్చీనో, వాల్పొలిచెల్లా, ఫ్రాంచాకోర్తా. జీహెచ్ ‘గ’: లాంగె, బొల్గెరి. జీఎన్ ‘న్య’, జీఎల్ఐ ‘ల్య’: కర్మిన్యానో, కొనెల్యానో. వాళ్ళ టీ మన ‘త’కే దగ్గర, ‘ట’ వద్దు.

లేబుల్స్‌కి నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంట్ వాడండి, పాత డీటీపీ ఫాంట్లు క్యూజీఐఎస్‌లో పనిచేయవు. వాగు వెంట వంపు తిరిగే లేబుల్ పెడితే కొన్ని కూర్పుల్లో ఒత్తులు, గుణింతాలు విడిపోతాయి. అక్షరాల మధ్య ఎడం పెంచినా అదే జరుగుతుంది. అడ్డంగా, ఎడం సున్నాగా ఉంచండి. పీడీఎఫ్ తీసేటప్పుడు అక్షరాల్ని అక్షరాలుగా కాక రేఖలుగా ఎగుమతి చేసే ఐచ్ఛికం ఎంచుకుంటే ప్రెస్‌లో ఫాంట్ లేకపోయినా విరగవు. ముందు ‘ఫ్రాంచాకోర్తా’, ‘కర్మిన్యానో’, ‘వాల్దొబ్బియాదెనె’ ఈ మూడూ ఒక చిన్న కాగితం మీద అచ్చు తీసి చూడండి. వీటిలో ఒత్తులు సరిగ్గా పడితే మిగతావన్నీ పడతాయి.